కలుపుకు చీకటి, చెత్తకు మూత: నల్లగొండ పెరటి మడుల కేస్ స్టడీ

నల్లగొండ పట్టణం అంచున ఒక ఇంటి పెరడు. నేల ఎర్ర చెలక, రెండు జానలు తవ్వితే మొరం తగులుతుంది. మడులు నాలుగు, ఒక్కోటి 3 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల వెడల్పు. అంటే మొత్తం 14.4 చదరపు మీటర్లు. మొదటి మడిలో టమాట, రెండోదాంట్లో మిరప, వంకాయ, మూడోదాంట్లో బెండ, గోకర, నాలుగోదాంట్లో పాలకూర, మెంతి, కొత్తిమీర. నీళ్ళు బోరువి. ఫ్లోరైడ్ సంగతి పక్కన పెట్టినా, కుళాయి మూతికి తెల్లగా పొక్కు కట్టేంత ఉప్పు ఉన్న నీళ్ళు. ఇంట్లో నలుగురు, కూరగాయల తొక్కలు, కాడలు, పండ్ల పొట్టు, టీ పొడి కలిపి రోజుకు 750 గ్రాముల దాకా వస్తుంది.

ఇంటివాళ్ళ ఫిర్యాదు ఒకటే: ఆరుద్ర కార్తె వచ్చేసరికి పంట ఏదో కలుపు ఏదో తెలియడం లేదు. పన్నెండు రోజులకోసారి మూడు గంటలు కూర్చుని తీస్తున్నారు, తీసిన వారానికే మళ్ళీ పచ్చబడుతోంది. మందు కొట్టడం ఇష్టం లేదు. వంటింటి చెత్తతో కలుపు చస్తుందని విని మూడు పద్ధతులు అప్పటికే చేసి చూశారు.

ముందు కలుపును గుర్తుపట్టడం

మందైనా మల్చింగ్ (నేలను గడ్డి, అట్టలాంటి వాటితో కప్పడం) అయినా, ఏ కలుపు ఎక్కడి నుంచి వస్తోందో చూడకుండా మొదలుపెడితే పని వృథా. ఇక్కడ మూడు దారులు కనిపించాయి.

మొదటి మడి, మూడో మడి, నాలుగో మడి నిండా గింజ నుంచి మొలిచినవే: గంగవాయిలి, దొగ్గలి, ముళ్ళ తోటకూర, గునుగు, అక్కడక్కడా వయ్యారిభామ. ఇవి పై రెండు మూడు సెంటీమీటర్ల మట్టిలో ఉన్న గింజలు. లోతున ఉన్నవి వెలుతురు, గాలి అందక నిద్రపోతాయి. ప్రతి పంటకు ముందు పారతో తిరగేయడం వల్ల నిద్రపోయినవి పైకి వచ్చి మొలుస్తున్నాయి. మడిని ఎంత బాగా తవ్వితే అంత కలుపు రావడానికి ఇదే కారణం.

రెండో దారి పెంట. ఏటా ఎండాకాలంలో పాక్షికంగా మాగిన పశువుల పెంట తెప్పించి చల్లుతున్నారు. పశువు తిన్న గడ్డి గింజల్లో కొన్ని అరగకుండా పేడలో బయటికి వస్తాయి. కుప్ప లోపల 55 డిగ్రీలు దాటిన వేడిలో కొన్ని రోజులు మగ్గితేనే అవి చస్తాయి. ఈ పెంట కుప్ప పోసి తిరగేసింది కాదు, కొట్టం పక్క నుంచి ఎత్తి తెచ్చింది.

మూడోది తుంగ. రెండో మడి స్నానాల గది మోరీ పక్కన ఉంది, ఎప్పుడూ తడి. అక్కడ మొలిచింది గడ్డి అని ఇంటివాళ్ళు అనుకున్నారు. కాడను రెండు వేళ్ళ మధ్య పెట్టి దొర్లిస్తే మూడు అంచులు తగులుతాయి; గడ్డి కాడ గుండ్రంగా దొర్లుతుంది. తుంగకు గింజ ముఖ్యం కాదు, మట్టి కింద గొలుసుగా పెరిగే గడ్డలు ముఖ్యం. ఎక్కువ భాగం పై 15 నుంచి 20 సెంటీమీటర్లలోనే ఉంటాయి. పైన పీకితే కాడ తెగి గడ్డ కిందే ఉంటుంది, పక్క మొగ్గలు లేస్తాయి. ఇక కాంపౌండ్ గోడ వైపు నుంచి గరిక తీగలు పాకుతున్నాయి, అది చిన్న సమస్య.

అప్పటికే చేసినవి, వాటి ఫలితం

బత్తాయి తొక్కల పులియబెట్టిన నీళ్ళు. నల్లగొండలో బత్తాయికి కొదవ లేదు కాబట్టి ఇది ఇంటింటా వినిపించే మాట. బెల్లం ఒక పాలు, తొక్కలు మూడు పాళ్ళు, నీళ్ళు పది పాళ్ళు వేసి 90 రోజులు మూత పెట్టి ఉంచుతారు. మొదటి నెల రోజూ మూత వదులు చేసి గాలి తీయాలి, లేదంటే డబ్బా ఉబ్బుతుంది. తయారైన నీళ్ళు పుల్లగా ఉంటాయి. ఆ పులుపుతోనే లేత ఆకు కమురుతుంది. నీళ్ళు కలపకుండా మిట్టమధ్యాహ్నం రెండాకుల మొలకల మీద కొడితే వాడిపోయాయి. గరిక మీద కొడితే కొసలు ఎర్రబడి వారంలో మళ్ళీ చిగురించింది. తుంగకు ఏమీ కాలేదు. ఒకటికి పది నీళ్ళు కలిపి కొడితే దేనికీ ఏమీ కాదు. 90 రోజులు దాచి, లేత మొలకలను చంపడానికి వాడటం కన్నా నేల తుడుచుకోవడానికి వాడటం మేలు. మొలకను వేలితో గీరేసినా పోతుంది. కొట్లో దొరికే వెనిగర్ కథా ఇంతే. అందులో ఆమ్లం 4, 5 శాతమే, అది వేరు దాకా దిగదు.

వేడి గంజి. ఇది పని చేస్తుంది, కానీ పని చేసేది వేడి మాత్రమే. పిండి పదార్థానికి కలుపును చంపే గుణం లేదు. పొయ్యి మీద నుంచి దించిన నిమిషంలోపు పోయాలి; పెరడు దాకా మోసుకెళ్ళేసరికి చల్లారితే మొక్కకు అది తిండి. ఒక్క గడ్డి దుబ్బుకు అర లీటరు పడుతుంది. పంట వేళ్ళకు జానెడు దూరంలోపు పోయకూడదు. కాబట్టి మడుల్లో దీనికి చోటు లేదు, బండల సందుల్లో, గోడ మొదట్లో మాత్రం చక్కగా సరిపోతుంది. కుక్కర్‌లో అన్నం వండే ఇళ్ళల్లో గంజి ఉండదు, గుడ్లు ఉడికిన నీళ్ళు చాలు. పల్లికాయ ఉడికిన నీళ్ళు మాత్రం వద్దు, అందులో ఉప్పు ఉంటుంది.

ఉప్పు నీళ్ళు. బాట మీద రెండుసార్లు దొడ్డు ఉప్పు కలిపి పోశారు. గడ్డి ఎండిపోయింది, బాట పక్క వరుస వంకాయ ఆకు అంచులు కూడా మాడాయి. ఉప్పు ఆవిరైపోయే వస్తువు కాదు. మంచి వాన కడిగి లోతుకు దించే దాకా అక్కడే ఉంటుంది. బోరు నీళ్ళతోనే ఏడాది పొడవునా ఉప్పు ఎక్కే నేలలో చేతులారా ఇంకాస్త పోయడం ఎందుకు? మేం చూడడానికి వెళ్ళిన మొదటి రోజే దాన్ని ఆపించాం.

లెక్క: చెత్త ఎంత, నేల ఎంత

మల్చింగ్ కలుపును ఆపేది చీకటితో. వెలుతురు అందని గింజ మొలవదు, మొలిచినా కప్పును చీల్చుకుని పైకి రాలేదు. అందుకు కనీసం 8 సెంటీమీటర్ల మందం కావాలి. 14.4 చదరపు మీటర్లను 8 సెంటీమీటర్లు కప్పాలంటే 1,150 లీటర్ల సరుకు. వంటింటి చెత్త రోజుకు రెండు లీటర్ల చిల్లర, అది నెలలో కుళ్ళి పావు వంతుకు దిగుతుంది. కుళ్ళకపోయినా ఏడాదిన్నర పడుతుంది. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు: ఉన్న తొక్కలను పల్చగా చల్లుతారు, చీకటి రాదు, ఎరువు మాత్రం అందుతుంది, కలుపు ఇంకా బలంగా లేస్తుంది.

అందుకని పని పంచాం. చీకటి ఇవ్వడం అట్ట పెట్టెలది, వరిగడ్డిది. వంటింటి చెత్త ఆ కప్పు కింద తడిని పట్టి, వానపాములను పిలిచి, అట్టను నేలకు అతికించి, కుళ్ళుతూ పంటకు తిండి పెట్టాలి. కింద పచ్చిది, పైన ఎండుది. ఈ వరుస తిరగబడితే ఈగలు.

ఎండాకాలం పని

ఏప్రిల్ చివరి నుంచి తొక్కలను ఎండబెట్టించాం. ఇది ఈ జిల్లా ఎండకు తగిన ఉపాయం. ఒరుగులు ఎండబెట్టినట్టే, తొక్కలను రెండు అంగుళాలకు మించకుండా తరిగి డాబా మీద పాత చీర పరిచి పల్చగా వేస్తే రెండు మూడు రోజుల్లో గలగలమంటాయి. పది కిలోలు ఒక కిలో చిల్లరకు దిగుతాయి. వాసన ఉండదు, పురుగు పట్టదు, గోనె సంచిలో వానల దాకా నిల్వ ఉంటుంది. 36 రోజుల చెత్త, అంటే 27 కిలోలు, ఒకే సంచిలో పట్టింది.

ఎండబెట్టే ముందే ఏరివేయాల్సినవి ఉన్నాయి. టమాట గుజ్జు, ఆనిగెపుకాయ గింజలు, బొప్పాయి గింజలు, మొలక కన్ను ఉన్న ఆలుగడ్డ తొక్క, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ మొదళ్ళు. ఎండకు తొక్క చస్తుంది కానీ గింజ చావదు. టీ పొడిని నీళ్ళతో ఒకసారి కడగాలి, చక్కెర ఉంటే చీమలు. గుడ్డు పెంకులు వేసినా వేయకున్నా కలుపుకు తేడా లేదు. వండిన అన్నం, పప్పు, నూనె తగిలినవి, బొక్కలు అసలే వద్దు.

తుంగ ఉన్న రెండో మడిని మాత్రం మే మొదటి వారంలో 20 సెంటీమీటర్ల లోతు గడ్డపారతో తవ్వి, పెళ్ళలను పగలగొట్టకుండా ఎండకు వదిలాం. చుక్క నీరు పోయలేదు, మోరీ నీటిని పైపు పెట్టి పక్కకు మళ్ళించాం. నాలుగైదు రోజులకోసారి పెళ్ళలు తిరగేసి, కనిపించిన గడ్డలు ఏరాం. తుంగ గడ్డ తడిలో చాలాకాలం బతుకుతుంది, నేల బాగా ఎండి అది ముడుచుకుపోతే చస్తుంది. రోహిణి ఎండకు మించిన మందు దీనికి లేదు.

మిగతా మూడు మడుల్లో దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి. తవ్వలేదు. మే చివర్లో బాగా తడిపి, వారం పది రోజుల్లో మొలిచిన కలుపును పైపైన రెండు సెంటీమీటర్ల లోతులో పారతో చెక్కేశాం. మళ్ళీ తడిపి మళ్ళీ చెక్కాం. పై పొరలో మొలవడానికి సిద్ధంగా ఉన్న గింజల్లో పెద్ద భాగం ఇలా ఖర్చైపోతుంది. రెండోసారి చెక్కేటప్పుడు లోతు ఎక్కువైతే కొత్త గింజలు పైకొచ్చి మొదటికొస్తుంది. ఇంటివాళ్ళు మూడో మడి ఒక మూల ఉత్సాహం కొద్దీ లోతుగా తవ్వారు. ఆ మూల ఎక్కడో జూలైలో కలుపే చూపించింది.

పెంట ఆ ఏడాది ఆపేశాం.

పరచడం

మృగశిర వానలకు నేల జానెడు లోతు తడిసే దాకా ఆగాలి. పొడి నేల మీద పరిస్తే తర్వాతి చిరుజల్లులు గడ్డే తాగేస్తుంది, వేరు ఎండుతుంది. తడిసింది లేనిది తెలియాలంటే ఇనుప చువ్వ గుచ్చి చూడటమే: సులువుగా దిగినంత మేర తడి.

మొదటి రెండు మడుల్లో నారు నాటిన తర్వాత ఈ వరుసలో వేశాం. చదరపు మీటరుకు 100 గ్రాముల వేపపిండి. దాని మీద ఎండు తొక్కలు, రాత్రంతా చల్లారిన గంజిలోనో నీళ్ళలోనో నానబెట్టి, చదరపు మీటరుకు పచ్చి లెక్కలో 3 కిలోలకు సమానం. దాని మీద అట్ట: టేపు, పిన్నులు పీకేసి, మెరిసే రంగు కాగితం ఉన్నవి పక్కన పెట్టి, తొట్టిలో ముంచి తీసి, అంచు మీద అంచు 15 సెంటీమీటర్లు ఎక్కేట్టు. రెండు అట్టల మధ్య వేలెడు సందు ఉన్నా ఆ సందులోంచే వరుసగా మొలుస్తుంది. మొక్క మొదలు చుట్టూ 8 నుంచి 10 సెంటీమీటర్ల ఖాళీ. కప్పు కాండానికి తగిలితే వానల్లో మొదలు కుళ్ళుతుంది. అన్నింటి మీదా వరిగడ్డి, చదరపు మీటరుకు 2 కిలోలు. వేసినప్పుడు 10 సెంటీమీటర్లు, నెలలో సగానికి అణుగుతుంది, అప్పుడు మళ్ళీ వేయాలి.

వరిగడ్డి గురించి ఒక జాగ్రత్త. హార్వెస్టర్‌తో కోసిన పొలం గడ్డిలో వడ్లు, ఊద గింజలు మిగిలి ఉంటాయి. మోపును విప్పి దులిపి, తడిపి వారం పాటు ఓ మూల వదిలితే మొలవాల్సింది మొలుస్తుంది. తిరగేసి ఎండబెట్టి అప్పుడు వాడాలి. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల ఊక చవకే అయినా మడికి పనికిరాదు, గాలికి ఎగురుతుంది, వానకు కొట్టుకుపోతుంది, బాటకు సరే. ఊక బూడిద క్షార గుణం ఉన్నది, ఈ నేలకు, ఈ నీళ్ళకు దాన్ని జోడించకూడదు.

మూడో మడిలో బెండ, గోకర గింజ నేరుగా పెట్టేవి. అక్కడ వరుసకు 15 సెంటీమీటర్ల పట్టీ ఖాళీగా వదిలి, వరుసల మధ్యలో మాత్రమే పరిచాం. మొక్క జానెడు ఎదిగాక గడ్డిని దగ్గరికి జరపాలి. ఆకుకూరల మడిలో మల్చింగ్ కుదరదు. గింజ ఒత్తుగా చల్లి, నేల త్వరగా కమ్ముకునేట్టు చేయడమే, మిగతాది చేతి పని. గంగవాయిలి, దొగ్గలి అక్కడ కలుపు అనడం కూడా తప్పే, పూత రాకముందే కోస్తే పప్పులోకి సరిపోతాయి.

అప్పటి నుంచి రోజువారీ చెత్తను వారానికి ఒక మడి చొప్పున మూడు మడులకూ వంతు వేశాం. గడ్డిని చేత్తో ఎత్తి, కింద పల్చగా పరిచి, మళ్ళీ మూయడం. వారపు చెత్త 5 కిలోల చిల్లర, మడి 3.6 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు కిలోన్నర దాటదు. గుంట తవ్వి పాతిపెట్టడం లేదు, తవ్వితే గింజలు లేస్తాయి. అట్ట, గడ్డి ఎత్తేటప్పుడు కర్రతో ఎత్తాలి, తేళ్ళకు అది మంచి ఇల్లు.

చెడిపోయిన చోట్లు

మామిడికాయల రోజులు ముగుస్తున్న వేళ మొదటి మడిలో ఒకేసారి బక్కెట్టెడు పచ్చి మామిడి తొక్క, టెంకలతో సహా, ఎనిమిది సెంటీమీటర్ల మందాన వేశారు. మూడో రోజుకు వాసన, ఐదో రోజుకు పురుగులు. పచ్చి చెత్త మందంగా పడితే మధ్యలో గాలి ఆడదు, పుల్లబడి కుళ్ళుతుంది. సగం తీసేసి, మిగిలినదాన్ని ఎండు ఆకుతో కలిపి రెండు సెంటీమీటర్లకు పరిచి మూస్తే నాలుగు రోజుల్లో సర్దుకుంది.

మిరప ఆకు జూలై మధ్యలో పసుపెక్కింది, ముదురాకులు ముందు. తెగులు అనుకుని వేపనూనె కొట్టబోయారు. నాటేటప్పుడు గుంటల్లో తరిగిన గడ్డి మట్టితో కలిసిపోయింది, కారణం అది. గడ్డిలో కర్బనం ఎక్కువ, నత్రజని తక్కువ. మట్టిలో కలిస్తే సూక్ష్మజీవులు దాన్ని కుళ్ళబెట్టడానికి మట్టిలోని నత్రజనిని వాడుకుంటాయి. అదే గడ్డి పైన కప్పుగా ఉంటే ఈ ఇబ్బంది పెద్దగా రాదు. గుంటల్లో గడ్డి ఏరివేసి, ఒకటికి పది నీళ్ళు కలిపిన ఆవు మూత్రం మొక్కకు అర లీటరు చొప్పున వారం తేడాతో రెండుసార్లు పోశాక కొత్త ఆకు పచ్చగా వచ్చింది.

చెదలు. చెలక నేలలో అట్ట వేసేవాళ్ళు దీనికి సిద్ధపడే ఉండాలి. ఆగస్టులో వానలు రెండు వారాలు మొహం చాటేసినప్పుడు, గోడ వైపు ఎండిన అట్ట కింద మట్టి గొట్టాలు కనిపించాయి. గోడ నుంచి 30 సెంటీమీటర్లు అట్ట, గడ్డి తీసేసి నేల ఖాళీగా ఉంచి, మిగతా కప్పును మూడు రోజులకోసారి తడిపాం. పంట మొక్కల మొదళ్ళు ఏవీ దెబ్బతినలేదు. ఇంటి తలుపులు, దూలాలు దగ్గరగా ఉన్నచోట అట్ట వాడకపోవడమే మంచిది, అక్కడ ఆకు అలమ చాలు.

దసరా మరునాడు మిగిలిన పులిహోర ఎవరో గడ్డి కింద పెట్టారు. ఆ రాత్రే పందికొక్కు వచ్చి మూడో మడిని చాళ్ళు దున్నినట్టు దున్నింది. అది ఒకసారి రుచి మరిగితే వారం దాకా వస్తుంది. పచ్చి చెత్త వేయడం కూడా పది రోజులు ఆపాల్సి వచ్చింది.

ఏరివేసినా కొన్ని టమాట, ఆనిగె మొలకలు లేచాయి. చెత్తను ముందు కంపోస్టు చేసి వేద్దామా అన్నది ఇంటివాళ్ళ ప్రశ్న. ఇంట్లో బక్కెట్టు, డ్రమ్ము కంపోస్టు అంత వేడెక్కదు. ఘనపు మీటరుకు దగ్గరగా ఉన్న కుప్ప, తిరగేస్తూ ఉంటేనే గింజ చచ్చే వేడి వస్తుంది. ఏ కంపోస్టైనా మడికి వేసే ముందు ఒక పాత పళ్ళెంలో పరిచి తడిపి పది రోజులు చూడాలి. పళ్ళెంలో ఏవి మొలుస్తాయో మడిలోనూ అవే మొలుస్తాయి.

పీకిన కలుపును ఏం చేయాలన్నదీ ఇక్కడే. గంగవాయిలి తెంపి గడ్డి మీద పడేస్తే అక్కడే వేరు పోసుకుంటుంది, పూత ఉంటే పీకాక కూడా గింజ పట్టిస్తుంది. బండ మీద పూర్తిగా ఎండాకే కప్పులోకి. వయ్యారిభామను పూత రాకముందు, చేతికి తొడుగుతో పీకాలి. పూత వచ్చిందాన్ని మడి దరిదాపుల్లో పెట్టొద్దు. బతుకమ్మ కోసమని గునుగును అంచున నాలుగు మొక్కలు వదిలారు, కోస్తే అందమే, కానీ కంకి ముదిరి నల్ల గింజ రాలేలోపు కోయాలి. మరో రెండు మొక్కలు మర్చిపోయారు, వచ్చే వానకాలం అవి ఎక్కడుండేవో మొలకలే చెప్తాయి.

ఫలితం

మొదటి, మూడో మడుల్లో గింజ కలుపు దాదాపు ఆగింది. వచ్చినవి మొక్క మొదళ్ళ దగ్గర ఖాళీలో, అట్ట సందుల్లో. పన్నెండు రోజులకు మూడు గంటల పని నలభై నిమిషాలకు దిగింది, అందులో సగం ఆకుకూరల మడిదే. రోజు విడిచి రోజు పెట్టే నీళ్ళు వాన లేని రోజుల్లో నాలుగు రోజులకోసారికి వచ్చాయి. గరికకు గోడ వెంట 20 సెంటీమీటర్ల లోతు, 15 సెంటీమీటర్ల వెడల్పు కందకం తీసి పల్లికాయ పొట్టు నింపాం. తీగ దాని మీదుగా పాకుతుంది కానీ కనిపిస్తుంది, పదిహేను రోజులకోసారి కొడవలితో తెంచితే చాలు. అక్టోబరుకు అట్ట మట్టిలో కలిసిపోయింది.

రెండో మడిలో తుంగ మూడో వారానికే అట్టను సూదిలా పొడుచుకుని వచ్చింది. వస్తుందని ముందే చెప్పాం, ప్లాస్టిక్ షీటునే పొడుస్తుంది అది. ఎండలో తవ్వినందువల్ల ముందటేటి కన్నా పల్చగా, సన్నగా ఉంది. పీకకుండా నేల మట్టానికి కోస్తూ పోవాలి. ప్రతి కొత్త ఆకుకూ గడ్డలో దాచుకున్న తిండి ఖర్చవుతుంది, ఆకు తిరిగి సంపాదించి పెట్టేలోపు కోస్తే గడ్డ అరిగిపోతుంది. పది రోజులు దాటితే లెక్క మళ్ళీ మొదటికి. సెప్టెంబరులో ఇంటివాళ్ళు ఊరెళ్ళి మూడు వారాలు కోయలేదు, మోరీ పైపు కూడా ఊడిపోయి నీళ్ళు మడిలోకే పారాయి. ఆ అంచున మీటరు మేర తుంగ పూర్తిగా తేరుకుంది. పైపుకు సిమెంటు పెట్టించాం. ఆ మీటరును మేలో మళ్ళీ తవ్వాలి, అందాకా పది రోజులకోసారి కొడవలి.